పిల్లల గొడవను దెబ్బలతోనో, బలవంతపు రాజీతోనో ముగించకుండా సరిచేయడం ఎలా?

"కొట్టకూడదంటున్నారు, సరే. మరి ఇద్దరు పిల్లలు కాలర్లు పట్టుకుంటే ఏం చేయమంటారు?" టీచర్లు, హాస్టల్ వార్డెన్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. కొట్టకుండా ఏం చేయాలో మాత్రం చాలామందికి ఎవరూ నేర్పలేదు. దాంతో గుంజీలు పోయి గోడ పక్కన నిలబెట్టడం వచ్చింది, బెత్తం పోయి "టీసీ ఇచ్చి పంపేస్తాం" వచ్చింది.

ఇక్కడ చెబుతున్నది రిస్టోరేటివ్ పద్ధతి. ఆస్ట్రేలియా బడుల్లో 1990ల మధ్యలో మొదలై చాలా దేశాలకు పాకింది. దీని సారాంశం చిన్నదే: ఎవరు తప్పు చేశారు, ఏం శిక్ష వేయాలి అనే చోట ఆగకుండా, ఎవరికి ఏం నష్టం జరిగింది, దాన్ని ఎవరు ఎలా సరిచేయాలి అని అడగడం. దానికి ఇంకో జాగ్రత్త కలపాలి. గొడవపడిన పిల్లల్లో కొందరు అంతకుముందే బాగా దెబ్బతిని ఉంటారు. ఇంట్లో తాగి కొట్టే తండ్రి ఉండొచ్చు. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న నాన్న జ్ఞాపకం ఉండొచ్చు. పాలమూరు నుంచో, కోసిగి వైపు నుంచో అమ్మానాన్నలు వలస వెళ్తే అవ్వ దగ్గర మిగిలిన పిల్ల కావచ్చు. అలాంటి పిల్లల మీద మనం గొంతు పెంచితే వాళ్లకు వినిపించేది మన మాట కాదు, పాత భయం.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం ఈ పద్ధతిలో చివర్లో వచ్చే పని. అంతకుముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే పదిహేను నిమిషాలే అసలు పని. ఈ పద్ధతి పనిచేయలేదని చెప్పేవారిని "విడిగా మాట్లాడారా?" అని అడిగితే, చాలాసార్లు లేదనే అంటారు.

వీటికి ఈ పద్ధతి వాడకండి

లైంగిక వేధింపు, తాకరాని చోట తాకడం, అలాంటి ఫోటోలు, వీడియోలు తీయడం, పంపడం: వీటిలో కూర్చోబెట్టి మాట్లాడించడం అనేదే ఉండదు. పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెట్టడం నేరం. "అమ్మాయి భవిష్యత్తు" పేరు చెప్పి బడిలోనే సర్దేయడానికి మీకు హక్కు లేదు.

కులం పేరుతో తిట్టడాన్ని, అవమానించడాన్ని "పిల్లల గొడవ" ఖాతాలో వేయకండి. అవమానపడిన పిల్లను, అవమానించిన పిల్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఇద్దరూ తగ్గండి" అనడం ఆ పిల్లకు రెండో అవమానం. ముందు పెద్దలు బాధ్యత తీసుకుని, జరిగింది తప్పని స్పష్టంగా చెప్పి, హెచ్ఎం దృష్టికి, తల్లిదండ్రుల దృష్టికి తీసుకెళ్లాలి.

కత్తి, బ్లేడు బయటికి వచ్చినా, తీవ్రమైన గాయమైనా ముందు ఆసుపత్రి, ఆ తర్వాత చట్టప్రకారం చేయాల్సినవి. పిల్ల చచ్చిపోతానని అంటే ఆ మాటను బెదిరింపుగా కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్య సాయం అందించే టెలి మానస్ 14416, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లు స్టాఫ్ రూములోనే కాదు, పిల్లలకు కనబడే చోట కూడా రాసి ఉండాలి.

కావాల్సినవి

- గొడవలో ఏ పక్కా లేని ఒక పెద్ద మనిషి. క్లాస్ టీచరే కానక్కర్లేదు. ఇద్దరు పిల్లలూ భయపడకుండా మాట్లాడగలిగే మనిషైతే పీఈటీ సార్ అయినా, లైబ్రరీ మేడమ్ అయినా సరే.
- నలుగురి చెవిన పడని, కానీ బయటినుంచి కనబడే చోటు. తలుపు తీసి ఉన్న ల్యాబ్ గది, బడి వెనక చెట్టు నీడ. హెచ్ఎం గది వద్దు, అక్కడ కాలు పెట్టగానే పిల్లలకు అది విచారణ అయిపోతుంది.
- ఒకే ఎత్తు కుర్చీలు, లేదంటే అందరికీ కింద ఒకే చాప. మీరు కుర్చీలో, పిల్లలు నిలబడి ఉంటే మొదలుపెట్టకండి.
- మంచినీళ్లు, ఒక నోట్‌బుక్.
- సమయం. విడిగా ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, కలిపి ఒక పీరియడ్. భోజనానికి ముందు పెట్టకండి. ఆకలి మీద ఉన్న పిల్లలతో ఏ మాటా సాగదు.

1. విడదీయండి, విచారించకండి

ముందు చుట్టూ మూగిన పిల్లల్ని పంపించండి. చూసేవాళ్లుంటే ఏ పిల్లాడూ వెనక్కి తగ్గలేడు. మీ గొంతు తగ్గించి, పొట్టి మాటలతో చెప్పండి: "ఆగండి. నువ్వు ఇటు రా. నువ్వు మేడమ్‌తో వెళ్లు." వెనక నుంచి గట్టిగా పట్టుకుని లాగకండి. ఇంట్లో దెబ్బలు తినే పిల్లలు ఆ పట్టుకు ఇంకా ఎదురు తిరుగుతారు. ఒకరికి గాయమయ్యే ప్రమాదం ఉంటే పట్టుకోక తప్పదు. అప్పుడు కూడా "పట్టుకుంటున్నాను, కొట్టను" అని నోటితో చెప్పండి.

ఇద్దర్నీ వేరువేరు చోట్ల, ఒకరికొకరు కనబడకుండా కూర్చోబెట్టండి. నీళ్లివ్వండి. గాయాలు చూడండి. అరగంట ఏమీ అడగకండి. ఒకే గుమ్మం దగ్గర ఇద్దర్నీ నిలబెట్టి, దారిన పోయే ప్రతి టీచరూ "ఏరా, ఏం చేశారు?" అని అడుగుతూ పోవడం అన్నిటికన్నా చెడ్డ పని. ఆ అరగంటలో గొడవ రెండింతలవుతుంది.

హాస్టల్లో రాత్రి పూట జరిగితే ఆ రాత్రికి పడుకునే చోట్లు మాత్రం మార్చండి. మాటలు పొద్దున.

2. పిల్ల కుదుటపడిందో లేదో చూడండి

చిన్న పరీక్ష ఉంది. గొడవకు సంబంధం లేని మాట ఒకటి అడగండి: "పొద్దున ఏం తిన్నావు నాన్నా?" పూర్తి వాక్యంలో జవాబొస్తే మాట్లాడొచ్చు. తల అడ్డంగా ఊపడం, ఒక్క ముక్కలో జవాబు, నేల చూపులు, చేతుల వణుకు ఉంటే ఇంకా కాదు. పనిలో పనిగా, ఏమీ తినకుండా వచ్చిందన్న సంగతీ బయటపడుతుంది. అప్పుడు ముందు అన్నం పెట్టించండి.

ఇక్కడ టీచర్లు తరచూ పొరబడే విషయం ఒకటుంది. తిడుతుంటే పిల్లాడు నవ్వుతాడు. "చూడండి సార్, ఎంత పొగరో" అంటాం. చాలాసార్లు అది పొగరు కాదు, భయం తట్టుకోలేక వచ్చే నవ్వు. అలాగే రాయిలా బిగుసుకుపోయి ఒక్క మాటా మాట్లాడని పిల్ల మొండిది కానక్కర్లేదు. మాటిమాటికి బాత్రూమ్ అడగడం, కడుపునొప్పి అనడం నాటకమే కానక్కర్లేదు. ఇవన్నీ "ఇంకాసేపు ఆగండి" అని ఒంటితో చెప్పడమే.

3. ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి

ఎదురుగా కాకుండా కాస్త పక్కగా కూర్చోండి. కళ్లలోకి చూసి మాట్లాడమని బలవంతం చేయకండి. చిన్న చిన్న విషయాల్లో పిల్లకే ఎంచుకునే వీలివ్వండి: "ఇక్కడ కూర్చుందామా, బయట చెట్టు కిందా?" ఆడపిల్లలతో వీలైనంతవరకు మేడమ్ కూర్చోవాలి. భుజం మీద చెయ్యి వేయడం మీకు ఆప్యాయత కావచ్చు, కొందరు పిల్లలకు అది భయం. అడక్కుండా తాకకండి.

మొదటి మాట ఇలా ఉండొచ్చు: "నిన్ను తిట్టడానికి పిలవలేదు. ఏం జరిగిందో నీ వైపు నుంచి వినాలి. చెప్పకూడదనుకున్నది చెప్పక్కర్లేదు." తర్వాత ఈ ప్రశ్నలు, ఇదే వరసలో:

- ఏం జరిగింది? మొదటి నుంచి చెప్పు.
- అప్పుడు నీ మనసులో ఏం అనుకున్నావు?
- ఇప్పుడు ఎలా ఉంది?
- దీనివల్ల ఎవరెవరికి ఇబ్బంది అయింది?
- నీకు ఇప్పుడు ఏం జరగాలని ఉంది?

"ఎందుకు కొట్టావు?" అని అడగకండి. ఆ ప్రశ్నకు పిల్లల దగ్గర రెండే జవాబులుంటాయి: "వాడే ముందు అన్నాడు" లేదా మౌనం. "అప్పుడు ఏం అనుకున్నావు?" అంటే మాత్రం "మా అమ్మను తిట్టాడు, అమ్మ ఊళ్లో లేదు" లాంటి మాట బయటికొస్తుంది. ఆ మాట కోసమే ఈ పదిహేను నిమిషాలు.

హెచ్చరిక: అలాంటి మాట వచ్చాక తవ్వకండి. "అమ్మ ఎందుకు వెళ్లింది? నాన్న కొడతాడా? ఎప్పటి నుంచి?" అని వరసగా అడగడం మీ పని కాదు, దానికి శిక్షణ ఉన్న కౌన్సెలర్ ఉంటారు. "కష్టంగానే ఉంటుంది. చెప్పినందుకు మంచిదైంది" అని, ఆగి, గొడవ దగ్గరికి తిరిగి రండి. తర్వాత ఆ పిల్ల గురించి హెచ్ఎంతోనో, కౌన్సెలర్ ఉంటే వారితోనో మాట్లాడండి.

ఇంకో హెచ్చరిక: "ఎవరికీ చెప్పను, ఒట్టు" అని మాటివ్వకండి. పిల్ల ప్రాణానికో, ఒంటికో ప్రమాదమున్న విషయం బయటపడితే మీరు చెప్పి తీరాలి. అందుకే మొదట్లోనే చెప్పేయండి: "నీకు ప్రమాదమున్న విషయమైతే సాయం చేయగలిగినవాళ్లకు చెబుతాను. అది కూడా నీకు చెప్పే చెబుతాను."

నోరు విప్పని పిల్లకు కాగితం, పెన్సిల్ ఇవ్వండి. జరిగిన చోటు బొమ్మ గీయమనండి: కుళాయి ఎక్కడ, నువ్వెక్కడ, వాడెక్కడ. గీస్తూ గీస్తూ చెప్పే పిల్లలు చాలామంది. అదీ కుదరకపోతే ఆ పిల్లకు దగ్గరైన ఇంకో టీచర్‌ని అడగండి. వంటమ్మ దగ్గర మాత్రమే మాట్లాడే పిల్ల ఉంటే వంటమ్మ సాయమే తీసుకోండి, ఇందులో చిన్నతనం లేదు.

4. "కలిసి మాట్లాడదామా?" అని అడగండి

ఇద్దర్నీ విడివిడిగా అడగండి. ముఖ్యంగా దెబ్బ తిన్న పిల్లను. వద్దంటే వద్దే. "పాపం, వాడు సారీ చెప్తానంటున్నాడు కదా" అని ఒత్తిడి తేకండి. మన ఊళ్ల పంచాయితీల్లో చూస్తూనే ఉంటాం: బలహీనులనే ముందు తగ్గమంటారు, నలుగురి ముందు సరేననిపిస్తారు, లోపల పగ అలాగే ఉంటుంది. బడిలో అది జరగనివ్వకండి.

వద్దన్నప్పుడు వేరే దారులున్నాయి. ఒకరి మాటలు మరొకరికి మీరే చేరవేయొచ్చు. చీటీ రాసి పంపుకోవచ్చు. దెబ్బ తిన్న పిల్ల తరఫున తను ఎంచుకున్న స్నేహితురాలో, టీచరో కూర్చోవచ్చు. ఎంతోకాలంగా ఒకరే ఏడిపిస్తూ, మరొకరు భరిస్తూ వచ్చిన సందర్భంలో మొదట ఈ దారులే వాడండి. వాళ్లిద్దరి బలం సమానం కాదు, ఎదురెదురుగా కూర్చోబెడితే మాటలు కూడా సమానంగా రావు.

జరిగింది తను చేయనేలేదని ఒకరు పూర్తిగా కాదంటుంటే కూడా కలపకండి. కనీసం "నేనూ కొంత చేశాను" అనే వరకు వచ్చాకే.

5. కలిపి కూర్చోబెట్టండి

గుండ్రంగా కూర్చోండి. తలుపుకు దగ్గరగా దెబ్బ తిన్న పిల్లను కూర్చోబెట్టండి, లేచి వెళ్లిపోగలనన్న ధైర్యం ఉంటుంది. కట్టుబాట్లు మూడు చాలు: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వినాలి, తిట్లు ఉండవు, ఎవరైనా ఎప్పుడైనా "కాసేపు ఆపుదాం" అనొచ్చు.

ఒక వస్తువును చేతులు మారుస్తూ, అది పట్టుకున్నవాళ్లే మాట్లాడే పద్ధతి పిల్లలకు బాగా నచ్చుతుంది. గులకరాయి, బంతి, పెన్ను ఏదైనా సరే. డస్టర్, స్కేల్ మాత్రం వద్దు. వాటితో దెబ్బలు తిన్న పిల్లలు మీ బడిలోనూ ఉండొచ్చు.

ముందు ఎవరు మాట్లాడాలో దెబ్బ తిన్న పిల్లే చెప్పాలి. మూడో అడుగులోని ప్రశ్నలనే మళ్లీ అడగండి, కొత్తవి వద్దు. ముందే ఒకసారి జవాబు చెప్పి ఉన్నారు కాబట్టి ఇక్కడ టెన్షన్ తగ్గుతుంది. పిల్లలు మీకు విడిగా చెప్పిన ఇంటి సంగతులు మీ నోటి నుంచి రాకూడదు. "వాడి పరిస్థితి నీకు తెలీదు, వాళ్ల నాన్న లేడు" అంటే, మీరు నమ్మకాన్ని తెంచేసినట్టే.

మీరు తక్కువ మాట్లాడండి. నీతి కథలు వద్దు. మధ్యలో నిశ్శబ్దం వస్తే పది అంకెలు మనసులో లెక్కపెట్టుకోండి. ఒకరు ఏడ్చినా, ఒకరు బిగుసుకుపోయినా ఆపి, నీళ్లిచ్చి, "ఇవాళ ఇక్కడితో ఆపుదామా?" అని అడగండి. మర్నాటికి వాయిదా వేయడం ఓటమి కాదు.

6. ఒప్పందం చిన్నదిగా, కంటికి కనబడేదిగా ఉండాలి

"ఇక నుంచి స్నేహంగా ఉంటాం" అన్నది ఒప్పందం కాదు. అది జరిగిందో లేదో ఎవరూ చూడలేరు. "చించిన సైన్స్ నోట్స్‌లో నాలుగు పేజీలు శుక్రవారం లోపు రాసిస్తాను", "ఆ పేరుతో పిలవను, ఇంకెవరైనా పిలిస్తే నవ్వను", "రెండు వారాలు భోజనం లైన్‌లో పక్కపక్కన నిలబడం": ఇవి ఒప్పందాలు. పగిలిన వస్తువుకు డబ్బు కట్టాల్సి వస్తే ఆ ఇంటి స్తోమత చూడండి. కూలి డబ్బులు పోగొట్టే ఒప్పందం ఇంట్లో ఇంకో దెబ్బకు దారితీస్తుంది.

పిల్లల మాటల్లోనే, పిల్లల చేతిరాతతోనే రాయించండి. మూడు వాక్యాలు దాటొద్దు. సారీ చెప్పమని మీరు అడగకండి. వస్తే తనంతట తనే రావాలి, అవతలి పిల్ల దాన్ని ఒప్పుకోవాలన్న నియమం కూడా లేదు. స్నేహితులు కానక్కర్లేదు. ఒకరి వల్ల మరొకరు భయపడకుండా ఒకే బడిలో చదువుకోగలిగితే అది పెద్ద ఫలితమే.

ఆ కాగితం మీ దగ్గరే ఉండాలి. నోటీసు బోర్డు మీదికీ, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులోకీ వెళ్లకూడదు. చేతులు కలిపిస్తూ ఫోటో తీయడం పూర్తిగా మానేయండి.

7. ఇంటికి ఫోన్ చేసే తీరు

"మీవాడు కొట్టుకున్నాడు, రేపు వచ్చి కలవండి" అని ఫోన్ పెట్టేస్తే ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఇలా చెప్పి చూడండి: "అమ్మా, బడి నుంచి టీచర్‌ని. పిల్లాడు బాగానే ఉన్నాడు. ఇవాళ ఇంకో పిల్లాడితో గొడవైంది. మేం మాట్లాడాం, పిల్లలు ఇలా ఒప్పుకున్నారు. ఇంట్లో కొట్టకండమ్మా, తిట్టకండి. మీకు తోచింది ఏదైనా ఉంటే చెప్పండి." కూలికి వెళ్లేవాళ్లయితే సాయంత్రం చేయండి, ఒక రోజు కూలి పోగొట్టి రమ్మనకండి. గాయమైన పిల్ల తల్లిదండ్రులకు ఆ రోజే, ముందుగా, పూర్తి నిజం చెప్పండి.

"వాణ్ణి సస్పెండ్ చేయాల్సిందే" అని పట్టుబట్టే తల్లిదండ్రులుంటారు. వాదించకండి. వాళ్ల కోపం వెనకున్నది ఒకటే ప్రశ్న, రేపు మా పిల్లకు మళ్లీ జరిగితే ఏంటని. దానికి సూటిగా జవాబు చెప్పండి: ఎవరు చూస్తుంటారు, ఇంటర్వెల్‌లో పిల్ల ఎక్కడుంటుంది, మళ్లీ ఏమైనా అయితే ఎవరికి చెప్పాలి.

"ఇలాగైతే క్రమశిక్షణ పోతుంది" అనే తోటి టీచర్లకు కూడా చెప్పాల్సింది ఉంది. ఇందులో ఎవర్నీ వదిలేయడం లేదు. గోడ పక్కన గంటసేపు నిలబడటం కన్నా, తను కొట్టిన పిల్ల ఎదుట కూర్చుని "దీనివల్ల నీకు ఏమైంది?" అన్న మాటకు జవాబు వినడమే చాలా కష్టం.

ఫలితం ఎలా చూడాలి

మర్నాడు, వారానికి, మూడు వారాలకు చూడండి. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి "ఇప్పుడు బానే ఉన్నారా?" అంటే ఇద్దరూ "ఉన్నాం సార్" అంటారు. దానికి విలువ లేదు. విడిగా అడగండి: "బడికి రావాలంటే ఇప్పుడు ఎంత భయంగా ఉంది? అయిదు వేళ్లలో ఎన్ని?" మొదటి రోజు నాలుగు వేళ్లు చూపిన పిల్ల వారానికి రెండు చూపితే దారిలో పడ్డట్టే. నాలుగే చూపితే మూడో అడుగుకు వెనక్కి వెళ్లండి.

పిల్లలు చెప్పని సంగతులు హాజరు పట్టీ చెబుతుంది. దెబ్బ తిన్న పిల్ల సోమవారాలు మానేస్తోందా? ఇంటర్వెల్‌లో బాత్రూమ్‌కు వెళ్లకుండా ఆపుకుంటోందా? కూర్చునే బెంచీ మారిందా? హాస్టల్లో అయితే పొద్దున స్నానాల లైన్, మెస్ లైన్, స్టడీ అవర్ తర్వాతి పది నిమిషాలు, ఈ మూడు చోట్ల మీరే నిలబడి చూడండి. గొడవకు పక్కలు కట్టిన మిగతా పిల్లల్నీ గమనించండి. ఇద్దరు చల్లబడినా వాళ్ల వెనకున్న గుంపులు చల్లబడకపోవచ్చు. అప్పుడు పేర్లు ఎత్తకుండా క్లాసు మొత్తంతో గుండ్రంగా కూర్చుని "గొడవ జరుగుతుంటే చూసేవాళ్లు ఏం చేయొచ్చు?" అని ఒక పీరియడ్ మాట్లాడించండి.

నోట్‌బుక్‌లో ప్రతి గొడవకూ తేదీ, వేళ, చోటు మాత్రం రాయండి. ఇంటి సంగతులు రాయకండి. కొన్ని నెలలకు ఆ పుస్తకం తిరగేస్తే ఒకే చోటు మళ్లీ మళ్లీ కనబడొచ్చు. వందల మంది పిల్లలకు రెండే కుళాయిలు ఉన్న చోట, ఆరున్నరకల్లా అందరూ తయారవ్వాలన్న హడావుడిలో గొడవలు జరుగుతుంటే, అక్కడ సరిచేయాల్సింది పిల్లల్ని కాదు. ఆ పేజీలు హెచ్ఎం ముందు పెట్టి, స్నానాల వేళల్ని తరగతుల వారీగా విడగొట్టమనండి, ఇంకో రెండు కుళాయిలు పెట్టించమని అడగండి.